ఉప్పు తగ్గించమంటే ఎవరు వింటారండీ!

ప్రపంచ ఆరోగ్య సంస్థ మీద నాకు తీవ్రమైన ఫిర్యాదు ఉంది. పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినాలట. పండ్లు, కూరగాయలు కలిపి కనీసం 400 గ్రాములు ఉండాలట. పైనుంచి వేసుకునే చక్కెర, తేనె, పళ్లరసాల తీపి అన్నీ కలిపినా ఒంటికందే శక్తిలో 10 శాతం దాటకూడదట. ఏళ్ల తరబడి ఇదే పాట. ఇందులో ట్విస్ట్ లేదు, విలన్ లేడు, ‘వైద్యులు మీకు చెప్పని రహస్యం’ అసలే లేదు. చెప్పేవాళ్లకే ఉత్సాహం లేకపోతే వినేవాళ్లకు ఎక్కణ్నుంచి వస్తుంది?

ఫోన్లో కనిపించే మహానుభావుణ్ని చూసి నేర్చుకోవాలి. వీడియో మొదలవగానే ‘ఈ ఒక్కటీ వెంటనే మానేయండి’ అని కళ్లెర్రజేస్తాడు. ఆ ఒక్కటి ఏమిటో చివరిదాకా చెప్పడు. చెప్పేసరికి మనకు భయంతో సగం ఆకలి చచ్చిపోతుంది. మిగతా సగానికి ఆయనే తయారుచేసిన పొడి ఉంది, లింకు కిందే ఉంటుంది. జబ్బు, మందు ఒకే గుమ్మంలో దొరకడం ఎంత సౌకర్యం!

ఆయన ఏం చదివాడని అడిగే ఛాందసులు కొందరుంటారు. బ్రిటన్‌లో డైటీషియన్ అని చెప్పుకోవాలంటే చట్టప్రకారం రిజిస్టర్ అయి ఉండాలి. న్యూట్రిషనిస్ట్‌కు అలాంటి చాదస్తం లేదు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. అక్కడి డాక్టర్ బెన్ గోల్డేకర్ 2004లో తన పిల్లి పేరుతో ఒక అమెరికన్ పోషకాహార సలహాదారుల సంఘానికి దరఖాస్తు పెడితే, సభ్యత్వ సర్టిఫికెట్ వచ్చింది. అప్పటికే ఆ పిల్లి చనిపోయింది. నన్నడిగితే అంత నమ్మదగిన నిపుణులు అరుదు. అది ఎవరికీ పొడి అమ్మలేదు, ఎవరి భోజనాన్నీ విషమనలేదు.

ఇక పరిశోధనలు. చాక్లెట్ తింటే త్వరగా బరువు తగ్గుతారని 2015లో చాలా దేశాల పత్రికలు రాశాయి. జాన్ బొహానన్ అనే జర్నలిస్టు మరికొందరితో కలిసి కావాలనే చేయించిన నాసిరకం ప్రయోగమది. ఉన్నది 15 మంది, వాళ్ల మీద తీసుకున్న కొలతలు 18 రకాలు. చీకట్లో చెట్టు మీదికి పద్దెనిమిది రాళ్లు విసిరితే ఒక కాయైనా రాలదా? రాలిన కాయే హెడ్‌లైన్ అయింది. ఆనక గుట్టు ఆయనే విప్పాడు. అయినా, కమ్మని వార్తను అలా పాడుచెయ్యడం ఏం మర్యాద?

డబ్బెవరిచ్చారని ఆరా తీయడం కూడా మర్యాద కాదు. గుండెజబ్బుల విషయంలో చక్కెర మీద అనుమానం తగ్గించి, కొవ్వు వైపు వేలు చూపిన ఒక సమీక్ష 1967లో వచ్చింది. రాసినవాళ్లు హార్వర్డ్ వాళ్లు, డబ్బిచ్చింది అమెరికా చక్కెర పరిశ్రమ. ఆ సంగతి 2016 దాకా బయటకు రాలేదు. పెద్దమనుషులంటే వాళ్లు, దాదాపు అర్ధశతాబ్దం గుట్టు కాపాడారు!

మనకా, టైమ్ లేదు. పది నిమిషాల్లో వంట ఎలాగో తెలుసుకోవడానికి ముప్పావుగంట వీడియోలు చూడాలి కదా, ఇక వండేదెప్పుడు? అందుకే ప్యాకెట్. దీని మీద అమెరికాలో కెవిన్ హాల్ బృందం 20 మందిని పరిశోధన కేంద్రంలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు తిండి పెట్టింది. వడ్డించినదాంట్లో చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండువైపులా సమానంగా ఉండేలా చూశారు. ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి ఉన్న రోజుల్లో వాళ్లు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, అదీ వేగంగా తిన్నారు. ఫలితాలు 2019లో వచ్చాయి. దీన్ని చెడ్డవార్తగా ఎందుకు చెబుతారో నాకు అర్థం కాదు. తక్కువ టైములో ఎక్కువ పని జరిగితే ఏ ఆఫీసులోనైనా ప్రమోషన్ ఇస్తారు.

సెలవురోజు కూర కాస్త ఎక్కువ వండి ఫ్రిజ్‌లో పెట్టుకోండనీ, ఫ్రోజెన్ కూరగాయలు పోషకాల్లో తాజావాటికి పెద్దగా తీసిపోవనీ చెప్పేవాళ్లున్నారు. నిజమే కావచ్చు. కానీ ఆ కూర డబ్బాను ఫొటో తీసి పెడితే ఎన్ని లైకులొస్తాయి?

అన్నిటికంటే ఘోరం, రిజిస్టరైన డైటీషియన్ దగ్గరికి వెళ్లడం. మనల్ని చూడకుండానే అన్నీ చెప్పగల సర్వజ్ఞుడు జేబులో ఉండగా, ఆవిడ ఏ మందులు వాడుతున్నారు, ఎన్నింటికి పడుకుంటారు, రక్తపరీక్ష ఎప్పుడు చేయించారు అని ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తుంది. ఫలానాది మంచిదా అంటే, ‘ఎంత తింటారన్నదాన్ని బట్టి’ అంటుంది. దేన్నీ విషం అనదు. పోనీ, దేన్నైనా అమృతమంటుందా? అదీ లేదు. పైగా ఒకటి రెండు మార్పులు చేసుకుని నెల తర్వాత రమ్మంటుంది. నెలంటే మాటలా? ఈలోగా ఫోన్లో నాలుగు ఆహారాలు విషాలై, వాటిలో రెండు మళ్లీ అమృతాలైపోతాయి.