సవరణ: పాత ఫోన్లకు అసలు అడ్డు విడిభాగాలు కాదు, తాళాలు

పాత ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు మళ్ళీ వాడకంలోకి రాకపోవడానికి విడిభాగాల కొరతే ప్రధాన కారణమని ముందటి పోస్టులో ఉంది. హైదరాబాద్ విషయంలో ఆ వాక్యాన్ని మార్చి చదువుకోవాలి. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఫోన్ల డిస్‌ప్లేలు, బ్యాటరీలు, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ల్యాప్‌టాప్ భాగాలు దొరుకుతూనే ఉన్నాయి. అసలు అడ్డు సాఫ్ట్‌వేర్‌ వేసే తాళాల్లో ఉంది.

ఐఫోన్‌నే చూడండి. ఒక ఫోనులోంచి తీసిన ఒరిజినల్ డిస్‌ప్లేను మరో ఫోనుకు బిగించినా, కొన్ని మోడళ్లలో సీరియల్ నంబర్ సరిపోలక, అది అసలైనదో కాదో తెలియదన్న హెచ్చరిక వస్తుంది, ట్రూ టోన్ (చుట్టూ ఉన్న వెలుతురును బట్టి తెర రంగును సర్దే సదుపాయం) ఆగిపోవచ్చు. భాగం మంచిదే, బిగించిన చేయీ తిరిగినదే. అయినా సెట్టింగ్స్‌లో ఆ హెచ్చరిక చూడగానే కొనేవారికి నమ్మకం సడలుతుంది. చేతిపనిని నమ్ముకున్న మెకానిక్‌కు ఇది పచ్చి అన్యాయం.

ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఖాతా తీయకుండా రికవరీ మెనూ (ఫోను మామూలుగా తెరుచుకోకముందే బటన్లు నొక్కితే వచ్చే మెనూ) నుంచి రీసెట్ చేస్తే, ఫోను మళ్ళీ పాత యజమాని వివరాలే అడుగుతుంది. దొంగతనాలను అరికట్టే ఈ తాళం అవసరమే. కానీ ఖాతా తీయడం మరిచిపోతే, చక్కగా పనిచేసే ఫోను కూడా విడిభాగాల కింద ఊడదీతకు పోతుంది. ముందు ఖాతా తీసేసి, ఆ తరువాతే ఫోను ఇవ్వండి.

మరో స్పష్టీకరణ. వాడిన పరికరాలను బాగుచేయిస్తే తయారీదారుల రీసైక్లింగ్ బాధ్యత తీరిపోతుందని కొందరు అర్థం చేసుకున్నారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం అది తీరదు, వాయిదా పడుతుంది. పెరిగిన ఆయుష్షు ముగిశాక, వాయిదా పడిన రీసైక్లింగ్ పరిమాణంలో 75 శాతం మళ్ళీ తయారీదారుల బాధ్యతలోకే చేరుతుంది. మిగతా 25 శాతం మినహాయింపు, బాగుచేయడాన్ని ప్రోత్సహించడానికి ఇచ్చినది.