పరుగు తీసిన పదవీ విరమణ

నిన్న మా బాబాయి పదవీ విరమణ సభ జరిగింది. ఫ్లెక్సీ వేయించే బాధ్యత నా మీద పడింది. అక్షరాల గురించి నాకేదో తెలుసునని ఇంట్లోవాళ్లకు ఒక అపోహ ఉంది. దాన్ని పెంచి పోషించినవాణ్ణి నేనే.

డీటీపీ దుకాణంలోని కుర్రవాడు మందపాటి అక్షరాలలో “విశ్రాంత జీవిత శుభాకాంక్షలు” అని కొట్టి, “ఇటాలిక్ చేస్తే లుక్కొస్తుంది సార్” అన్నాడు. అంటే అక్షరాలను కుడివైపుకు వాల్చడమన్నమాట. వద్దన్నాను. ఎందుకు వద్దో వివరించకుండా ఊరుకుంటే నాకు ఆ పూట అన్నం సయించదు. 1501లో వెనిస్ నగరంలో ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడు వర్జిల్ కావ్యాలను ఇటాలిక్‌లో అచ్చువేశాడనీ, గ్రిఫో అనే పనివాడు చెక్కిన ఆ అక్షరాలకు చేతిరాత మూలమనీ, హెల్వెటికా వంటి సాన్స్ సెరిఫ్‌లలో, అంటే కొనలకు చిన్న అడ్డగీతలు లేని ఆంగ్ల అక్షరాలలో, మాత్రం నిలువు అక్షరాన్నే దాదాపు 12 డిగ్రీలు వాలుస్తారనీ, బోల్డ్‌గా వాలిన అక్షరం వేగాన్ని సూచిస్తుంది కనుక ఆటగాళ్ల జెర్సీలకూ కొరియర్ బండ్లకూ నప్పుతుందనీ, తెలుగుకు అటువంటి సంప్రదాయం లేదు కనుక కంప్యూటర్ మన అక్షరాన్ని మెడ పట్టి పక్కకు తోస్తుందనీ చెప్పుకొచ్చాను. ఆ కుర్రవాడు ఒక చెవికి ఫోను ఆనించుకుని, ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీకి బేరం కుదుర్చుకుంటూ, మిగిలిన చెవితో నా ప్రసంగంలోని “ఇటాలిక్”, “బోల్డ్” అనే రెండు మాటలను మాత్రం శ్రద్ధగా ఏరుకున్నాడని నాకు సభలో తెలిసింది.

వేదిక మీద, బాబాయి కుర్చీ వెనుక, పది అడుగుల వెడల్పున ఆ అక్షరాలన్నీ, డ్రైవరు హఠాత్తుగా బ్రేకు వేసిన బస్సులో నిలబడ్డ ప్రయాణికుల మాదిరిగా, ఒక్క పెట్టున ముందుకు వాలిపోయి ఉన్నాయి. దశాబ్దాలు నింపాదిగా పాఠాలు చెప్పిన మనిషి బడి నుంచి పారిపోతున్నట్టుంది. అంతటితో ఆగినా బాగుండేది. అక్షరాన్ని అలా తోసినప్పుడు, అది కూర్చునే గీతకు పైనున్నది కుడికీ, కిందనున్నది ఎడమకూ జరుగుతాయి. ఆంగ్లానికి దీనితో పెద్ద ప్రమాదం లేదు. కిందికి దిగే అక్షరాలు దానికి నాలుగైదే. మనకు సగం సంసారం గీత కిందనే ఉంటుంది. ఆ మహానుభావుడు 12 డిగ్రీలతో తృప్తి పడక ఇష్టం వచ్చినంత లాగడంతో, “శ్రాం” కింద ఉండవలసిన రావత్తు తన ఇల్లు విడిచి పక్కింటి “వి” కింద కాపురం పెట్టింది.

మా పిన్ని చత్వారపు కళ్లద్దాలు సర్దుకుని, ముందు వరుసలోంచి, అప్పుడే మైకు సరిచేయడం కోసం అందరూ నిశ్శబ్దమైన క్షణంలో, “వ్రిశాంత” అని కూడబలుక్కుని చదివి, “ఎవరండీ ఈ వ్రిశాంత?” అని బాబాయిని అడిగింది. బాబాయి తల తిప్పి ఫ్లెక్సీని చూశాడు, తరువాత నన్ను చూశాడు. వెనుక వరుసల్లోని పదో తరగతి పిల్లలు అప్పటికే ఆ పేరును జపిస్తున్నారు. సన్మాన పత్రం ఎవరు చదివారో, అందులో ఏముందో నాకు గుర్తు లేదు.

భోజనాల దగ్గర వ్యాయామ ఉపాధ్యాయుడు నన్ను పట్టుకుని, అక్షరాలు భలే దూకుడుగా ఉన్నాయని మెచ్చుకుని, వచ్చే నెల క్రీడోత్సవానికి కావాలంటూ ఆ దుకాణం నంబరు అడిగాడు. ఇచ్చాను.