ఓరగా తీసి ఉన్న తలుపుగారికి

మహారాజశ్రీ ఓరతలుపుగారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. తమరు క్షేమమని తలుస్తాను. గడియ పడదు, గొళ్ళెం తగలదు, తాళం ఊసే లేదు, తమరికేం లోటు? నాకే, ఈ మధ్యాహ్నం రెండింటి నుంచి అయిదు దాకా తమరి ఎదుట కుర్చీలో కూర్చుని నడుం పట్టేసింది.

ఒక్క సందేహం తమరే తీర్చాలి. మూసుంటే తట్టేవాణ్ణి. బార్లా తీసుంటే "లోపలికి రావచ్చా అండీ" అంటూ వెళ్ళేవాణ్ణి. నాలుగు వేళ్ళ సందు వదిలితే మనిషి ఏం చెయ్యాలి? తడితే, తీసున్న తలుపు తడతాడేంటి వీడు అనుకుంటారు. తోస్తే మర్యాద తెలీదంటారు. దగ్గితే జలుబనుకుంటారు. దగ్గాను కూడా, రెండుసార్లు. ఆ సందులోంచి నాకు దర్శనమైనవి ఒక మోచెయ్యి, ఒక టీ గ్లాసు, క్యాలెండర్‌లో సగం నెల.

ఆ మోచెయ్యిని గుర్తుపట్టాను. ఎనిమిది నెలల కిందట ఇదే గదిలో ఇంటర్వ్యూ అయ్యాక నాతో కరచాలనం చేసిన చేతిదే అది. "మా తలుపులు మీకెప్పుడూ తెరిచే ఉంటాయండీ, కబురు చేస్తాం" అన్నారు. ఎంత తెరిచి ఉంటాయో చెప్పలేదు. నేనూ అడగలేదు, తప్పు నాదే. ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా సార్ మీటింగ్‌లో ఉన్నారు, ఫైలు పైకెళ్ళింది, ఇంకా ఏమీ తేలలేదు. "కాదని మాత్రం అనుకోకండి" అని చివర్లో ఒక ముక్క. ఆ ముక్క పట్టుకునే, మధ్యలో వచ్చిన ఇంకో ఉద్యోగాన్ని వదిలేసుకున్నాను.

నా ఒక్కడిదే వెర్రి కాదులెండి. జివూంగ్ షిన్, డాన్ ఆరియెలీ అనే ఇద్దరు పరిశోధకులు 2004లో ఒక ప్రయోగం గురించి రాశారు. కంప్యూటర్‌లో తలుపుల ఆట. తలుపు తీసి లోపల క్లిక్ చేస్తే డబ్బులొస్తాయి. కొంతసేపు వెళ్ళని తలుపు చిన్నదైపోతూ చివరికి మాయమవుతుంది. జనం డబ్బులొచ్చే గదిలో కుదురుగా కూర్చోకుండా, చిక్కిపోతున్న తలుపుల్ని నిలబెట్టడానికి అటూ ఇటూ పరిగెత్తి ఉన్నది తగ్గించుకున్నారట. చదివి నవ్వాను. ఆ నవ్వు ఉద్యోగం వదులుకోక ముందుది.

మీ గుమ్మంలో దేశాలే పడిగాపులు పడుతున్నాయి, నేనెంత? ఇప్పటి యూరోపియన్ యూనియన్‌కి ముందు రూపమైన యూరోపియన్ ఎకనామిక్ కమ్యూనిటీలో చేర్చుకోమని టర్కీ 1987లో అర్జీ పెట్టింది. 1999లో అభ్యర్థి అన్నారు. 2005లో చర్చలు మొదలెట్టారు. చేరాలంటే తేల్చుకోవాల్సిన విషయాల్ని 35 అధ్యాయాలుగా విడగొట్టి, వాటిలో 16 తెరిచి ఒక్కటి మూశారు, అదీ తాత్కాలికంగా. రమ్మనడం లేదు, పొమ్మనడం లేదు. టర్కీకి కుర్చీ అయినా వేశారో లేదో!

ఇంట్లో మీ నిర్వాకం వేరే చెప్పాలా? చీకట్లో రెండు చేతులూ చాచి నడుస్తుంటే ఒక చెయ్యి అటు, ఒక చెయ్యి ఇటు పోనిచ్చి మీ అంచు సరిగ్గా నా నుదుటికి తగిలించారు. ఏసీ చల్లదనం బయటికి, దోమలు లోపలికి. గాలొస్తే ధడేల్మని ఇల్లంతా లేపుతారు. నిజం చెప్పుకోవాలి కాబట్టి ఒప్పుకుంటున్నా, మా ఇంట్లో నా గురించి అసలు ఏమనుకుంటున్నారో నాకు తెలిసిందంటే మీ సందు చలవే. వినకపోయినా బాగుండేది, అది వేరే సంగతి.

అయినా నీకు "గారు" ఏమిటి? మొహం మీద ధడాలున వేస్తే ఏమయ్యేది? ఒక పూట ఏడ్చి, మర్నాడు ఇంకో గుమ్మం ఎక్కేవాణ్ణి. ఎనిమిది నెలలు! కాదనడానికి నోరు రాని పెద్దమనుషులందరూ నీ వెనకే కదా దాక్కునేది? మూసేస్తే పాపం, తీస్తే ఖర్చు. అందుకే ఓరగా.

అయిదింటికి లోపల్నుంచి గొంతు వినిపించింది. "ఆ తలుపు కాస్త వేసెయ్యండి, వరండాలో గోలగా ఉంది." గోల చేసింది నా దగ్గే. ఎవరో వచ్చి వేశారు. హమ్మయ్య, తేలిపోయింది అనుకుని సర్టిఫికెట్ల కవరు చంకలో పెట్టుకుని లేచాను. నీ బందులు నిలువుగా బిగించలేదు కాబోలు, గొళ్ళెం అందుకోలేదు. కిర్రుమంటూ నీ బరువుకి నువ్వే వెనక్కి జరిగి, మళ్ళీ అదే నాలుగు వేళ్ళ దగ్గర ఆగావు.

కూర్చున్నాను.

ఇట్లు,
తమరి ఎదుటి కుర్చీ