రోటరీ పంపు ఫ్యూయల్ స్క్రూ గారికి విన్నపం

మహారాజశ్రీ ఫ్యూయల్ స్క్రూ గారి దివ్య సముఖానికి,

నాలుగు సిలిండర్ల చిన్న లారీల ఇంజన్ హెడ్లు, అంటే సిలిండర్ల మీది మూతలు, దించీ ఎక్కించీ నడుములు పోగొట్టుకున్నవాళ్ళం నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ అందరం క్షేమం, హెడ్ గాస్కెట్ తప్ప.

తమర్ని కళ్ళారా చూసినవాళ్ళు తక్కువే గానీ తమరి మహిమ విననివాళ్ళు లేరు. డీజిల్‌ను కొలిచి ఇంజన్ నాజిళ్ళకు పంపే రోటరీ పంపు వెనక వైపు, నాజిల్ పైపులు బయటికొచ్చే చోటికి కాస్త పైన తమరి నివాసం. ఆ కొలత పెంచేదీ తగ్గించేదీ తమరే. 13 నంబరు లాక్‌నట్టు, దాని మీద కంపెనీ వేసిన సీలు. మనిషి చిటికెన వేలంత కూడా లేరు. పిట్ట కొంచెం, కూత ఘనం. ఆ కూత సైలెన్సర్ దగ్గర నల్లగా వినిపిస్తుంది.

తమరి సేవ ఎలా జరుగుతుందో తమరికి చెప్పాలా? డ్రైవరు వచ్చి "అన్నా, బండి లాగట్లేదు" అంటాడు. ఎయిర్ ఫిల్టర్ విప్పి దులిపేవాడు ఉండడు. నాజిళ్ళు టెస్టుకిచ్చి ఎన్నాళ్ళయిందని అడిగేవాడు ఉండడు. డీజిల్ ఫిల్టర్లో నీళ్ళున్నాయా, క్లచ్ జారుతోందా, వెనక బ్రేకు పట్టేసి ఉందా, ఇవేవీ అక్కర్లేదు. కటింగ్ ప్లేయరుతో సీలు తీగ తెంచుతారు. లాక్‌నట్టు వదులు చేస్తారు. స్క్రూడ్రైవర్‌తో లోపలికి పావు తిప్పు. న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ తొక్కితే రయ్యిమంటుంది, పక్క షెడ్డు మొత్తం కనిపించకుండా పోతుంది. డ్రైవరు మొహం మాత్రం వెలిగిపోతుంది. న్యూట్రల్‌లో ఇంజన్ మీద లోడు ఉండదు, లోడు లేనిదే గాలిని ఇంజన్‌లోకి నొక్కే టర్బోకి బూస్టు, అంటే గాలి ఒత్తిడి, కట్టదు. ఆ రయ్యిమనడానికీ రేపు మారేడుమిల్లి ఘాట్‌లో మూడో గేరులో లాగడానికీ దూరపు చుట్టరికం కూడా లేదు. కానీ 500 రూపాయలు అక్కడే చేతులు మారిపోతాయి.

తమరు లోపల చేసే పని చాలా చిన్నది. ఇంజన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ లివర్‌ను నొక్కి, డీజిల్‌ను నెట్టే ప్లంజర్ మీది కంట్రోల్ స్లీవ్‌ను కాస్త జరుపుతారు. దాంతో డీజిల్ వెనక్కి పోయే రంధ్రం కొంచెం ఆలస్యంగా తెరుచుకుంటుంది, నాజిల్‌కు నాలుగు చుక్కలు ఎక్కువ వెళ్తాయి. అంతే. గాలి ఒక్క చుక్క పెరగదు. అసలు పేచీ అక్కడే.

లెక్క చెప్తాం, వినండి. టాటా 407 బండి 1986 నుంచి మన రోడ్ల మీద ఉంది. దాని 497 ఇంజన్ పేరులోనే కొలత ఉంది: 4 సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. స్ట్రోకు 100 కలిపితే 2956 సీసీ. టర్బో లేదనుకుని 2800 ఆర్‌పీఎం దగ్గర చూడండి. రెండు చుట్లకు ఒకసారి పీలుస్తుంది కాబట్టి నిమిషానికి 4138 లీటర్లు. వాల్వుల దగ్గరి ఇరుకులో 15 శాతం పోతే 3500 లీటర్లు మిగులుతుంది. మన 35 డిగ్రీల ఎండలో ఆ గాలి తూకం దాదాపు 4 కిలోలు. పొగ రాకుండా కాల్చాలంటే డీజిల్‌కు కనీసం 20 రెట్లు గాలి కావాలి. అంటే నిమిషానికి 200 గ్రాముల డీజిల్, గంటకు 12 కిలోలు. ఒక్కో గుర్రం గంటకు 160 గ్రాములు తింటుందనుకుంటే వచ్చేది 75 గుర్రాలు (హార్స్‌పవర్). తమరు లేరు, తమరి పావు తిప్పూ లేదు, గాలి ఇచ్చే పవర్ ఇది.

ఇప్పుడు తమరు దయచేసి డీజిల్ 20 శాతం పెంచారు. గాలి అదే 4 కిలోలు. నిష్పత్తి 20 నుంచి 17 లోపుకి దిగింది. పవర్ మాత్రం 20 శాతం పెరగదు. కొద్దిగా పెరుగుతుంది, మిగిలింది సగం కాలి మసిగా, వేడిగా బయటికొస్తుంది. అప్పు చేసి పప్పు కూడు అంటారే, అది. వడ్డీ పిస్టన్ కడుతుంది.

ఆ వడ్డీ ఎలా వసూలవుతుందో హెడ్ దించినవాళ్ళకి తెలుసు. రెండున్నర టన్నుల బండికి నాలుగున్నర టన్నుల టమాటా వేసి మదనపల్లె నుంచి బయల్దేరితే, ఎత్తు మీద ఎగ్జాస్ట్ వేడి నిమిషంలోపే 700 డిగ్రీలు దాటుతుంది. డ్యాష్‌బోర్డు మీది నీళ్ళ వేడి ముల్లు మాత్రం ఎప్పటి చోటే ప్రశాంతంగా ఉంటుంది. నీళ్ళు వేడెక్కడానికి చాలా సేపు పడుతుంది, గ్యాస్‌కి పది సెకన్లు చాలు. ముందు పై రింగు గాడిలో ఆయిలు మాడి బొగ్గై రింగు బిగుసుకుంటుంది. తర్వాత పిస్టన్ అంచు, నాజిల్ చిమ్మే చోట, ఎలుక కొరికినట్టు తింటుంది. కాలని డీజిల్ బోరు గోడల ఆయిలును కడిగేసి కిందికి జారి ఇంజన్ అడుగున ఆయిలు ఉండే సంపులో చేరుతుంది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిలు పెరిగి ఉంటుంది, ముక్కు దగ్గర పెడితే డీజిల్ వాసన. "ఆయిల్ తాగని బండి" అని మురిసిపోయే ఓనర్లున్నారు, వాళ్ళకి మా సానుభూతి. చివరికి రెండు వాల్వుల మధ్య హెడ్ చీలుతుంది, రేడియేటర్ మూత తీస్తే బుడగలు.

ఇంకో లీల కూడా ఉంది. తమర్ని లోపలికి తిప్పిన కొద్దీ ఐడ్లింగ్ కూడా లేస్తుంది. దాన్ని దించడానికి ఐడిల్ స్క్రూ వెనక్కి తిప్పాలి. అది కూడా అయిపోయాక తమరింకా లోపలికెళ్తే, కాలు తీసినా ఇంజన్ దిగదు. కొన్ని పంపుల్లో ఇంతకు మించి వెళ్ళకుండా తమరి మెడకు కాలర్ వెల్డింగ్ చేసి పంపుతారు. మనవాళ్ళు దాన్ని గ్రైండర్‌తో కొట్టేసి మరీ పూజ చేస్తారు. అలా లేచిన ఇంజన్‌ను స్టాప్ కేబుల్ ఆపుతుంది. టర్బో సీలు పోయి ఇంజన్ తన ఆయిలే తాగుతుంటే మాత్రం స్టాప్ కేబుల్ లాగినా లాభం లేదు. టాప్ గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదలాలి, లేదా గాలి పైపు మూతికి చెక్క అడ్డం పెట్టాలి. చెయ్యి పెట్టకూడదు.

తమరికి కోపం రావచ్చు. "నేను లేకుండా పవర్ పెంచండి చూద్దాం" అంటారు. అలాగే. తమరు లేకుండా కాదు గానీ, తమర్ని వరుసలో చివర నిలబెట్టి పెంచుతాం.

ముందు ఇంజన్ ఆరోగ్యం. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలవాలి. ఒకదానికొకటి చదరపు సెంటీమీటరుకు 3 కిలోలకు మించి తేడా ఉంటే పవర్ మాట మర్చిపోయి బోరు పని చూసుకోవాలి. నాజిళ్ళు టెస్టర్ మీద పెట్టి మాన్యువల్లో రాసిన ప్రెషర్‌కు తెరుచుకుంటున్నాయా, నాలుగూ ఒకేలా చిమ్ముతున్నాయా చూడాలి. చుక్క కారే ఒక్క నాజిల్ చాలు పిస్టన్‌కు బెజ్జం పెట్టడానికి. ట్యాపెట్లు సెట్ చేయాలి. ఈ పనులతోనే "లాగట్లేదు" అన్న బండ్లలో చాలావాటికి జబ్బు నయమైపోతుంది, తమరి సీలు చెక్కుచెదరకుండానే.

టర్బో బండయితే బూస్టు డయాఫ్రం మర్చిపోకూడదు. మానిఫోల్డ్ నుంచి పంపు నెత్తి మీదికి సన్నటి పైపు ఒకటి వస్తుంది. బూస్టు పెరిగినప్పుడు డీజిల్ పెంచమని చెప్పే దూత అది. ఆ పైపు చిట్లినా, లోపలి రబ్బరు డయాఫ్రం చిల్లుపడినా పంపుకు కబురే అందదు, బండి మొద్దుబారుతుంది. దానికి మందుగా తమర్ని పావు తిప్పు తిప్పుతారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. సైకిల్ పంపుతో అర బార్ గాలి పెట్టి, పట్టి ఉంచుతోందో లేదో చూడటానికి రెండు నిమిషాలు చాలు.

తర్వాత గేజీలు. కళ్ళు లేకుండా స్క్రూ పట్టుకోకూడదు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో, టర్బోకి ముందు, వేడి కొలిచే కె-టైప్ థర్మోకపుల్ పెట్టాలి. టర్బో తర్వాత పెడితే వందకు పైగా డిగ్రీలు తక్కువ చూపించి జోలపాట పాడుతుంది. నిలకడగా 650, కాసేపటికి 700. అది దాటితే కాలు తీయాల్సిందే. పక్కనే బూస్టు గేజి.

ఇక అసలు పవర్ ఎక్కడుందో అక్కడికి, అంటే గాలి దగ్గరికి. టర్బోతో 1 బార్ బూస్టు ఇచ్చామనుకోండి. ఒత్తిడి రెట్టింపయింది కాబట్టి గాలి రెట్టింపవుతుందని సంబరపడతారు చాలామంది. అవ్వదు. నొక్కిన గాలి వేడెక్కుతుంది. 35 డిగ్రీల గాలి కంప్రెసర్ నుంచి బయటికొచ్చేసరికి దాదాపు 130. పెరిగింది ఒకటిన్నర రెట్లే. అదే గాలిని ఇంటర్‌కూలర్‌తో 60 డిగ్రీలకు దించితే 1.85 రెట్లు, అంటే నిమిషానికి 7.4 కిలోలు. ఇంకాస్త ఉదారంగా డీజిల్‌కు 22 రెట్లు గాలి వదిలినా లెక్కకు 125 గుర్రాలు వస్తాయి, పొగ లేకుండా. ఇంజన్ అదే, సీసీ అదే. కాకపోతే ఇది కాగితం. ఇనుము మీదికి రావాలంటే పిస్టన్ కిందికి ఆయిలు చిమ్మే జెట్లు ఉండాలి, కంప్రెషన్ నిష్పత్తి టర్బోకి తగినదై ఉండాలి, హెడ్ బోల్టుల బదులు మంచి స్టడ్లు, స్టీలు పొరల గాస్కెట్ పడాలి. టార్కు మూడోవంతు పెరిగితే కంపెనీ క్లచ్ జారడం మొదలు. రేడియేటర్ కోర్ పాతదే ఉంచి ఇవన్నీ చేసినవాడికి ఏప్రిల్ నెల జవాబు చెప్తుంది. ఇంటర్‌కూలర్ గొట్టాలకు బిగింపులేసి, సబ్బునీళ్ళు రాసి, బూస్టు పెట్టి చూడాలి. అక్కడ కారిపోయే గాలికి తమరి పొగే సాక్ష్యం.

అప్పుడు, అప్పుడే తమరి వంతు. ముందు బయటికి కనిపించే మరలను వెర్నియర్‌తో కొలిచి రాసుకోవాలి, పెయింటు గీత పెట్టాలి. అర పావు తిప్పు, అంటే 45 డిగ్రీలు, అంతకు మించొద్దు. లాక్‌నట్టు బిగించి, ఐడ్లింగ్ సరిచేసి, లోడుతో ఎత్తు మీద నాలుగో గేరులో నడిపి రెండు గేజీలూ చూడాలి. ముల్లు 650 దగ్గరుండి పొగ లేత బూడిద రంగులో ఉంటే మరో 45. బూస్టు రాకముందే పొగ వస్తుంటే తప్పు తమరిది కాదు, డయాఫ్రం కింది కోన్ పిన్ తిప్పి, స్టార్ వీల్‌తో స్ప్రింగు బిగించాలి. డీజిల్ చిమ్మే టైమింగ్ ముందుకు జరిపితే పవర్ వస్తుందని డయల్ గేజి లేకుండా పంపును చేత్తో వంచేవాళ్ళు గాస్కెట్ల దుకాణానికి కల్పవృక్షాలు.

అమెరికాలో రొట్టెలు పంచే వ్యాన్లలో కమిన్స్ 4బీటీ అని ఒకటి ఉండేది. 3.9 లీటర్లు, నాలుగు సిలిండర్లు, 105 గుర్రాలు, మీద తమరి జాతి రోటరీ పంపే. దాన్ని ఊడదీసి పికప్‌లలో పెట్టి రెట్టింపు పవర్ తీసే పిచ్చివాళ్ళు అక్కడ బోలెడు. వాళ్ళ పని వరుస చూడండి: టైమింగ్ గేర్ల కేసులో జారిపడి ఇంజన్‌ను చంపే డోవెల్ పిన్‌కు ముందు అడ్డపట్టీ, గట్టి వాల్వు స్ప్రింగులు, పెద్ద టర్బో, ఇంటర్‌కూలర్, గేజీలు. తర్వాతే స్క్రూ. పిచ్చికి కూడా ఒక పద్ధతి పెట్టుకున్నారు.

మన దగ్గర పద్ధతంతా పొల్యూషన్ సర్టిఫికెట్ రోజే. పాత డీజిల్ బండ్లకు పొగ పరిమితి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ నలుపు కొలత). ఆ ఉదయం తమర్ని వెనక్కి పావు తిప్పు, సర్టిఫికెట్ చేతికొచ్చాక సాయంత్రం ముందుకి పావు తిప్పు. తమరికి నిజంగా విశ్రాంతి దొరికేది ఆ ఆరు గంటలే.

2017 ఏప్రిల్‌లో దేశమంతటా బీఎస్-4 పొగ నిబంధనలు, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చి కొత్త బండ్లలో తమరి సింహాసనం పోయింది. వంశం మాత్రం నిలిచింది. ట్యూనింగ్ బాక్స్ అనే తమరి వారసుడు డీజిల్ రైల్ పైపులో ప్రెషర్ కొలిచే సెన్సర్ తీగల మధ్య కూర్చుని, ప్రెషర్ ఉన్నదానికన్నా తక్కువుందని ఇంజన్ కంప్యూటర్ ఈసీయూకి అబద్ధం చెప్తాడు. ఈసీయూ నమ్మి పంపును ఇంకా తోలుతుంది. ఇంజెక్టర్లు కారడం, రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఎత్తు మధ్యలో బండి ఆగిపోవడం, పొగలోని మసిని పట్టే ఫిల్టర్ డీపీఎఫ్ మసితో నిండిపోవడం మిగతా కథ. తమరు కనీసం అబద్ధమాడలేదు, పొగతో నిజం ఒప్పుకునేవారు.

శ్రీసిటీలో ఇసుజు చేసే పికప్‌లు చూడండి. ఒకే 2499 సీసీ. మామూలు డీ-మాక్స్‌కు 78 గుర్రాలు, 176 న్యూటన్ మీటర్లు. బీఎస్-6కి ముందటి వీ-క్రాస్‌కు 134 గుర్రాలు, 320 న్యూటన్ మీటర్లు ఉండేవి. సీసీ ఒకటే గానీ ఇంజన్లు వేరు: ఒకదానికి సిలిండర్‌కు రెండు వాల్వులు, ఇంకోదానికి నాలుగు వాల్వులు, రెక్కల కోణం మార్చుకునే టర్బో. తేడా 56 గుర్రాలు. అందులో స్క్రూ తిప్పి తెచ్చింది ఒక్కటీ లేదు.

కాబట్టి తమరు ఉన్నచోటే ఉండాలనీ, మేము పిలిచినప్పుడే రావాలనీ ప్రార్థన.

ఇట్లు,
గాస్కెట్లు మార్చి అలసిన మెకానిక్కులు

తా.క.: తమరి మరలు బయటికి ఎన్ని మిల్లీమీటర్లు ఉన్నాయో కొలిచి, తేదీతో సహా బానెట్ లోపలి వైపు తెల్ల పెయింటుతో రాసి పెట్టాం. కొత్త సీలు కూడా వేశాం. ఈసారి కటింగ్ ప్లేయర్ పట్టుకుని వచ్చినవాణ్ణి ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పమని చెప్పండి.