సవరణ: ఇంటి లోపలి మొక్కలకు వేపనూనె వాడే పద్ధతి

ఇంటి లోపలి మొక్కల చీడల గురించి ఇంతకుముందు రాసినదానిలో "లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె కలిపి, అన్ని పురుగులకూ చల్లాలి" అని ఉంది. దానిని ఈ వివరణతో కలిపి చదువుకోవలసిందిగా మనవి.

నూనె నీటిలో కరగదు కనుక, ముందుగా గోరువెచ్చని నీటిలో 1 లేదా 2 మిల్లీలీటర్ల ఘాటులేని ద్రవ సబ్బు కలిపి, ఆ తరువాతే నూనెను కొద్దికొద్దిగా పోస్తూ, నీరు పాలలా తెల్లబడేవరకు బాగా గిలకొట్టాలి. లేకపోతే పైకి తేలిన నూనె ఒకేచోట పడి ఆకు మాడిపోతుంది. బట్టల డిటర్జెంటు అసలే వద్దు. కలిపిన మందును ఆ రోజే, ఎండ తగలని వేళ, ముందు ఒక ఆకుపై పరీక్షించి చల్లాలి. ఎర్రనల్లి (ఆకుల రసం పీల్చే అతి చిన్న పురుగు) ఎక్కువగా ఆకు అడుగునే ఉంటుంది కాబట్టి పైపైన తడిపితే చాలదు. గుడ్లు చాలావరకు మిగిలిపోతాయి కనుక వారానికొకసారి, కొన్ని వారాలపాటు చల్లాలి.

కణుపుల్లో దూదిపింజలా అంటుకున్న పిండినల్లిని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచెయ్యడమే మేలు.

కుండీ మీద ఎగిరే చిన్న నల్ల ఈగలకు మాత్రం ఆకులపై ఏది చల్లినా ప్రయోజనం లేదు. వాటి పిల్లపురుగులు తడి పైమట్టిలో పెరుగుతాయి. పసుపు జిగురు అట్టలు ఎదిగి ఎగిరే ఈగలనే పట్టగలవు, మట్టిలోని పిల్లపురుగులను కాదు. అందువల్ల పై 2, 3 సెంటీమీటర్ల మట్టి ఆరిన తరువాతే మళ్లీ నీరు పోయాలి.