ఆదివారం ప్రసంగానికి వాక్యభాగం ఎక్కడి నుంచి రావాలి?

శనివారం రాత్రి పదింటికి బైబిలు తెరిచి, పొద్దున చెప్పాలనుకున్న మాటకు సరిపోయే వచనం కోసం పుటలు తిప్పడం చాలామంది కాపరులకు అలవాటైన పనే. వారమంతా ఆసుపత్రి పరామర్శలు, గృహ ప్రార్థనలు, ఒక భూస్థాపన, సంఘ పెద్దల కూటం. ఆ అలసట నిజమైనదే. కానీ చెప్పాల్సింది ముందే ఖాయమై, వచనం దానికి ఆసరాగా తర్వాత వచ్చిందంటే ఆ ఆదివారం సంఘం విన్నది కాపరి అభిప్రాయాన్నే. అందుకే ఏ వారానికావారం వచనం ఎంచుకోవడం మానేసి, బైబిల్లో ఒక పుస్తకాన్ని పట్టుకుని మొదటి నుంచి వరసగా బోధించాలి.

యిర్మీయా 29:11 సంగతే తీసుకోండి. ‘సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు’ అన్న మాటను పరీక్షలకు, ఉద్యోగాలకు, పెళ్లిళ్లకు వాగ్దానంగా ఇస్తుంటారు. అది యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుంచి బబులోను చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరంలోని వాక్యం. దానికి ముందున్న పదో వచనంలోనే 70 సంవత్సరాల లెక్క ఉంది. ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి ఊరి ముఖం చూడరన్నమాట. ఐదు నుంచి ఏడు వచనాల్లో వాళ్లకు చెప్పింది ఇళ్లు కట్టుకోమని, తోటలు నాటుకోమని, పిల్లలకు పెళ్లిళ్లు చేయమని, తమను చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించమని.

ఒక అధ్యాయం వెనక్కి వెళ్తే విషయం ఇంకా పదునెక్కుతుంది. హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా చక్కబడుతుందని దేవాలయంలో జనం ముందు ప్రకటించి, బబులోనుకు లోబడాలన్న దానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరిచేశాడు. విన్నవాళ్లకు అంతకన్నా ఏం కావాలి? ఆ ఏడాదే ఏడో నెలలో హనన్యా చనిపోయాడని అధ్యాయం ముగుస్తుంది. త్వరలోనే అంతా బాగైపోతుందన్నవాణ్ణి అబద్ధ ప్రవక్తగా చూపించిన పుస్తకంలోంచే పదకొండో వచనాన్ని విడదీసి, త్వరలోనే అంతా బాగైపోతుందని చెప్పడానికి వాడుతున్నాం. జబ్బు నయం కాని విశ్వాసి ఇంటికెళ్లి దేవుడు మాట తప్పాడా, నా విశ్వాసమే తక్కువా అని కుమిలిపోతే ఆ భారం ఎవరిది?

ఇక్కడ తెలుగు బైబిలు చదివేవాళ్లకు ఒక మేలుంది. మన పాత అనువాదంలో ఒక్కరితో మాట్లాడితే ‘నీవు’, ఎక్కువమందితో అయితే ‘మీరు’ అని ఉంటుంది. గౌరవానికి దానితో సంబంధం లేదు. యిర్మీయా 29:11లో ఉన్నది ‘మిమ్మును’. అంటే ఆ మాట ఒక జనమంతటికీ, తరాల మీదుగా చెప్పింది. లూకా 22:31, 32 చూడండి. సాతాను జల్లించడానికి కోరుకున్నది ‘మిమ్మును’, అంటే శిష్యులందరినీ. ప్రభువు వేడుకున్నది మాత్రం ‘నీకొరకు’, సీమోను పేతురు ఒక్కడి కోసం. పాఠం సిద్ధం చేసుకునేటప్పుడు నీవు, మీరు అన్న చోట్లన్నీ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవడానికి ఐదు నిమిషాలు చాలు.

కానుకల గురించిన ప్రసంగాల్లో తరచూ వినిపించే, దశమభాగాన్ని (రాబడిలో పదో వంతును) మందిరానికి తెమ్మనే మలాకీ 3:10 పరిస్థితీ ఇంతే. ఆ పుస్తకం మొదటి అధ్యాయంలో గుడ్డివీ కుంటివీ అయిన పశువులను బలిపీఠానికి తెచ్చిన యాజకులను నిలదీస్తుంది. రెండో అధ్యాయం వాళ్లను ‘యాజకులారా’ అని పిలిచి మరీ హెచ్చరిస్తుంది. మూడో అధ్యాయం ఐదో వచనంలో కూలివాడి జీతం బిగబట్టేవారి మీద, విధవరాలినీ తండ్రిలేనివారినీ బాధపెట్టేవారి మీద తీర్పు ఉంది. వరసగా బోధించే కాపరి పదో వచనానికి చేరేలోపు ఈ మూడూ దాటి రావాలి, అవి మొదట తనకే తగులుతాయి. ద్వితీయోపదేశకాండము 14:28, 29లో మూడో ఏటి దశమభాగం ఆలయ సేవ చేసే లేవీయులతో పాటు పరదేశులకు, తండ్రిలేనివారికి, విధవరాండ్రకు చెందుతుందన్న సంగతి కూడా అప్పుడు చెప్పక తప్పదు.

వరసగా బోధించడం కొత్తేమీ కాదు. 1519 జనవరి 1న జ్యూరిక్‌లో సంఘ సంస్కర్త జ్వింగ్లీ మత్తయి సువార్తను మొదటి అధ్యాయం నుంచి మొదలుపెట్టాడు. మరో సంస్కర్త కాల్విన్‌ను 1538లో జెనీవా నుంచి వెళ్లగొట్టి, 1541లో మళ్లీ పిలిపించుకున్నారు. తిరిగొచ్చి ప్రసంగ వేదిక ఎక్కినప్పుడు, వెళ్లిపోయే ముందు ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే ఎత్తుకున్నాడు. తనను గెంటేసినవాళ్లకు జవాబు చెప్పే అవకాశాన్ని వదులుకున్నాడు. సంఘంలో తగాదా నడుస్తున్నప్పుడు ఈ పద్ధతి విలువ తెలుస్తుంది. ఆ వారం పాఠం క్షమాపణ గురించైతే, అది ఎవరినో ఉద్దేశించి తెచ్చింది కాదని, క్రితం వారం భాగం తర్వాతిదేనని అందరికీ కనిపిస్తుంది.

మొదలుపెట్టేవాళ్లకు చిన్న పుస్తకమే మంచిది. పౌలు ఉత్తరమైన ఫిలిప్పీ పత్రికలో 4 అధ్యాయాలు, 104 వచనాలు. వారానికి పదేసి వచనాల చొప్పున పది, పదకొండు వారాలు పడుతుంది. యోనా, రూతు నాలుగేసి అధ్యాయాలే, నాలుగేసి వారాలు చాలు. పత్రికను వచనాల లెక్కన కోయవచ్చు గానీ కథను అలా కోయకూడదు, సన్నివేశం పూర్తయ్యే దాకా చదవాలి. అధ్యాయాల అంకెలు మధ్యయుగంలో, వచనాల అంకెలు 16వ శతాబ్దంలో చేర్చినవి, కాబట్టి ఆలోచన ఎప్పుడూ వాటి దగ్గరే ఆగదు.

సోమవారం ఆ భాగాన్ని పైకి మూడుసార్లు చదవాలి, వ్యాఖ్యానం ముట్టకుండా. మంగళవారం ముందు అధ్యాయం, వెనక అధ్యాయం. బుధవారానికి ఈ భాగం ఏం చెబుతోందో ఒకే వాక్యంలో రాయగలగాలి. రాయలేకపోతే భాగం పెద్దదైందనో, ఇంకా అర్థం కాలేదనో లెక్క. వ్యాఖ్యానాలు ఆ తర్వాతే తెరవాలి. ముందే తెరిస్తే వ్యాఖ్యాతల ప్రశ్నలే మన ప్రశ్నలైపోతాయి. శుక్రవారం గడియారం పెట్టుకుని పైకి చెప్పి చూసుకోవాలి. నలభై నిమిషాలు దాటితే ఉదాహరణలు తీసేయాలి గానీ వాక్యభాగాన్ని కుదించకూడదు.

ఈ పద్ధతిలోనూ దారి తప్పే చోట్లున్నాయి. ఒక్క పత్రికకే ఏళ్లు గడిస్తే సంఘం మిగతా బైబిలును మరిచిపోతుంది. అందుకే ఒక పత్రిక తర్వాత ఒక సువార్త, ఆపైన పాత నిబంధనలో ఒక పుస్తకం. సంఘంలో హఠాత్తుగా ఒక పసిబిడ్డ చనిపోతే ఆ వారం వరస ఆపాల్సిందే. అప్పుడు 88వ కీర్తన లాంటిది చదవాలి. ఓదార్పు మాటతో ముగియని కీర్తన అది, దాని చివరి మాట చీకటి గురించే. ఏడుస్తున్న తల్లికి దాన్ని వివరించే తొందర అక్కర్లేదు. మెల్లగా, పూర్తిగా చదివి, పక్కన కూర్చోవాలి. ఆ తర్వాతి ఆదివారం ఆగిన వచనం దగ్గరకే తిరిగి రావచ్చు.