పన్ను ఉంది, ప్రతినిధి లేడు

ఏప్రిల్ వస్తే శ్రీకాకుళంలో వార్డు సచివాలయాల సిబ్బంది ఇంటింటికీ తిరుగుతారు. ఏడాది ఇంటి పన్ను నెలాఖరులోగా కట్టేస్తే 5 శాతం రాయితీ అంటారు. నాలుగు డబ్బులు మిగులుతాయి కదా అని చాలామంది అప్పుడే కట్టేస్తారు. రసీదు మడిచి బీరువాలో పెట్టుకుంటారు. ఆ తర్వాత వానాకాలంలో వీధి కాలువ పొంగి గుమ్మంలోకి నీళ్లొస్తే ఎవరిని అడగాలి? 2021లో 50 డివిజన్లకు, అంటే కార్పొరేషన్ వార్డులకు, ఎన్నికలు జరిగిన పక్క విజయనగరంలో కార్పొరేటర్ ఇంటికెళ్లి తలుపు తట్టే వీలైనా జనానికి దక్కింది. శ్రీకాకుళంలో తట్టడానికి ఆ తలుపే లేదు.

1856లో పురపాలక సంఘమైన ఊరు ఇది. చివరిసారి ఎన్నికైన పాలకవర్గం గడువు 2010లో ముగిసింది. అప్పటి నుంచి ప్రభుత్వం నియమించే ప్రత్యేకాధికారి పాలనే. 2014లో రాష్ట్రంలో చాలాచోట్ల పురపోరు జరిగినా ఇక్కడ జరగలేదు. 2015లో కార్పొరేషన్ హోదా ఇచ్చారు. చుట్టుపక్కల పంచాయతీల విలీనం మీద వివాదాలు, కోర్టు కేసులు నడుస్తుండగానే 2021 ఎన్నికలూ వెళ్లిపోయాయి. కార్పొరేషన్ అని బోర్డు మారింది గానీ ఆ కార్పొరేషన్‌కు ఇంతవరకూ ఒక్క మేయర్ కూడా ఎన్నిక కాలేదు. పురపాలక సంఘం గడువు ఐదేళ్లేనని, అది ముగిసేలోపే ఎన్నికలు పూర్తవ్వాలని రాజ్యాంగంలోని 243-యు అధికరణం చెబుతోంది. 2010లో పుట్టిన పిల్లలు హైస్కూలు వయసు దాకా వచ్చేశారు. తమ ఊరికి కౌన్సిల్ ఉండడం వాళ్లెప్పుడూ చూడలేదు.

అధికారులను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు రాత్రింబవళ్లు పనిచేసింది వాళ్లే. కానీ 30 మండలాల జిల్లా భారం నెత్తిన ఉన్న యంత్రాంగానికి నగరం అదనపు బాధ్యత. బదిలీ ఉత్తర్వు వస్తే వెళ్లిపోవాల్సిన అధికారి, పదేళ్ల తర్వాత ఈ ఊరికి ఎన్ని నీళ్లు కావాలో ఆలోచించే స్థితిలో ఉంటారని ఆశించలేం. బడ్జెట్ ప్రతిపాదించేదీ, పరిశీలించేదీ, ఆమోదించేదీ అధికారులే అయినప్పుడు ఈ పద్దు ఎందుకు తగ్గిందని నిలబడి అడిగే మనిషి ఆ గదిలో ఉండడు.

విలీనమైన ఊళ్ల సంగతి మరీ బాధాకరం. నగరంలో కలిస్తే రోడ్లు, వీధి దీపాలు, కుళాయిలు వస్తాయని అన్నారు. ముందు పోయింది మాత్రం ఉపాధి హామీ పని. ఆ పథకం గ్రామాలకే గానీ పట్టణాలకు వర్తించదు. వేసవిలో చెరువు పనికెళ్లి కూలి తెచ్చుకునే ఆడవాళ్లకు అది చిన్న నష్టం కాదు. రెండోది సర్పంచ్ పదవి. మంచోడో చెడ్డోడో, రచ్చబండ దగ్గర నిలదీయడానికి ఒక మనిషి ఉండేవాడు. అతనూ పోయాడు, అతని స్థానంలో కార్పొరేటర్ రాలేదు. ఆ ఊళ్లకు వెళ్తే ఒక పక్క వరి మడి, దాని గట్టు దాటగానే సున్నం పూసిన ప్లాటు రాళ్లు, వాటి మధ్య మూడంతస్తుల అపార్టుమెంటు కనిపిస్తాయి. అపార్టుమెంటు మురుగు వెళ్లడానికి కాలువ లేదు. అది మడిలోకే పోతుంది. రైతు వెళ్లి బిల్డర్‌తో గొడవ పడతాడు. తేల్చాల్సిన మూడో మనిషి లేడు.

ఇంతకీ ఊరు ఎందుకు పెరుగుతోంది? ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా జనాభా 2011లో 27 లక్షలు. అంతకుముందు పదేళ్లలో పెరిగింది ఆరేడు శాతమే. అదే కాలంలో పట్టణం దాదాపు రెట్టింపు వేగంతో పెరిగి లక్షా పాతిక వేలు దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో ఒక మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1.7 మాత్రమే. అంటే ఊరు పెరుగుతున్నది కాన్పుల వల్ల కాదు, పల్లె వదిలి వచ్చినవాళ్ల వల్ల. పిల్లల చదువు కోసం తల్లి టౌన్‌లో గది అద్దెకు తీసుకుంటుంది. తండ్రి హైదరాబాద్‌లోనో చెన్నైలోనో భవన నిర్మాణ పనుల్లో ఉంటాడు. ఉద్దానం నుంచి కిడ్నీ రోగిని శ్రీకాకుళంలోని రిమ్స్ ఆసుపత్రికి తిప్పలేక, దగ్గర్లోనే ఉందామని వచ్చేసిన కుటుంబాలున్నాయి. ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీ వచ్చాక అద్దె గదులకు గిరాకీ పెరిగింది. ఇంకోవైపు, పిల్లలు విశాఖలోనో విదేశాల్లోనో స్థిరపడగా ఇంట్లో ఇద్దరే మిగిలిన ముసలి దంపతులు వీధికి నలుగురైదుగురు ఉంటారు. ఈ జిల్లాలో 2011 నాటికే వెయ్యి మంది మగవాళ్లకు 1,015 మంది ఆడవాళ్లున్నారు. వలసలు ఎక్కువైన చోట ఈ లెక్క వెనక ఉన్నది ఊళ్లో లేని మగవాళ్లు కూడా.

అంటే ఈ నగరానికి కావాల్సినవి ఫ్లైఓవర్లు కాదు. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ముసలామె భయం లేకుండా రోడ్డు దాటగలగాలి. అద్దె ఇళ్లలో ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్న తల్లులకు వేళకు నీళ్లు రావాలి. ఇలాంటి అవసరాలు పైనుంచి వచ్చే పథకాల పట్టికలో ఉండవు. వీధిలో ఓట్లు అడిగి గెలిచిన మనిషికి తెలుస్తాయి.

ఇక డబ్బు సంగతి. ఇంటి పన్నును 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద లెక్కిస్తున్నారు. ఏడాదికి 15 శాతం మించకుండా పెంచుతామన్నారు. భూమి ధర పెరిగితే పన్నూ పెరుగుతుంది. అది తప్పని మేం అనడం లేదు. సొంత రాబడి లేని నగరం బిచ్చమెత్తుకోవాల్సిందే. కానీ రిటైరైన టీచరు నలభై ఏళ్ల కిందట కట్టుకున్న ఇంటి విలువ కాగితం మీద పెరిగిందే గానీ ఆయన పింఛను ఆ లెక్కన పెరగలేదు. మరోపక్క, నడి ఊళ్లో తుప్పలు మొలిచిన ఖాళీ స్థలాలు ఏళ్ల తరబడి రేటు కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. వాటి పన్ను బకాయిలు గట్టిగా వసూలు చేస్తే పాత ఇళ్లవాళ్ల మీద భారం తగ్గించవచ్చు. ఎవరి మీద ఎంత వేయాలన్నది రాజకీయ నిర్ణయం. నలుగురి ముందు వాదించి, ఓటేసి తేల్చుకోవాల్సిన నిర్ణయం.

కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం గ్రాంట్లకూ ఎన్నిక జరగకపోవడానికీ సంబంధం ఉంది. 15వ ఆర్థిక సంఘం పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలని కట్టడి చేసింది. మిగతా 40 శాతంలోనే ఊరి సొంత అవసరాలు చూసుకోవాల్సి వచ్చింది. ఆ పంపకానికి వాడింది 2011 జనాభా లెక్కలు. ఆ ఏడాది తర్వాత వచ్చి అద్దెకు దిగిన కుటుంబం చెత్త వేస్తుంది, నీళ్లు వాడుతుంది, కానీ ఆ గ్రాంటు లెక్కలో దానికి ఉనికి లేకపోయింది. ఆర్థిక సంఘాలు గ్రాంటుకు పెట్టే షరతుల్లో సక్రమంగా ఏర్పడిన పాలకవర్గం ఉండాలన్నది ముఖ్యమైనది. 2018లో సర్పంచుల గడువు ముగిశాక ఎన్నికలు ఆలస్యమై, మన పంచాయతీలకు నిధులు ఎలా ఆగాయో చూశాం. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం. ఇంకో ఐదేళ్లు ఎన్నిక లేకుండా గడపడం ఈ నగరానికి భరించలేని ఖరీదు.

2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జనగణన జరగనుంది. పదహారేళ్ల తర్వాత లెక్క ఇది. ఎన్యూమరేటరు తలుపు తట్టినప్పుడు అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు, మేడ మీద గదిలో ఉన్న విద్యార్థులు, వాచ్‌మన్ కుటుంబం అందరూ లెక్కలోకి రావాలి. సొంతూళ్లో పేరుంటే చాలనుకునే అలవాటు మనకుంది. ఇక్కడే ఉంటున్నవాళ్లు ఇక్కడే నమోదు కావాలని ఇంటి యజమానులు చెప్పాలి.

స్థానిక ఎన్నికల్లో పోటీకి ఇద్దరు పిల్లల నిబంధనను రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో ఎత్తేసింది. పోటీ చేయగలిగేవాళ్లు పెరిగారు. కానీ శ్రీకాకుళంలో పోటీ చేయడానికి ముందు డివిజను కావాలి. కోర్టులో ఉన్న చిక్కులకు ప్రభుత్వమే చొరవ తీసుకుని ఊళ్ల పెద్దలతో కూర్చుని పరిష్కారం వెతకాలి. కలవడం ఇష్టం లేని ఊరుంటే వాళ్ల కారణాలు వినాలి. ఉపాధి పని పోయిన కూలీలకు బదులుగా ఏమిస్తారో రాతపూర్వకంగా చెప్పాలి. వచ్చే పురపాలక నోటిఫికేషన్‌లో శ్రీకాకుళం పేరు ఉండేలా డివిజన్ల విభజన పూర్తి చేయాలి.

ఆలోగా ప్రత్యేకాధికారి చేయగలిగిన పని ఒకటుంది. మార్చి లోపు కార్పొరేషన్ ముసాయిదా బడ్జెట్‌ను తెలుగులో అచ్చువేసి, ఏ వీధికి ఎంత ఖర్చు పెడుతున్నారో, పన్ను బకాయి ఎవరి దగ్గర ఎంత ఉందో ప్రతి వార్డు సచివాలయం గోడ మీదా అంటించాలి. ఏప్రిల్‌లో పన్ను కట్టడానికి వచ్చే ప్రతి ఒక్కరూ దాన్ని చదువుకునే వెళ్తారు.